కర్ణుడా, అర్జునుడా? – వెండితెఱ రేపిన యింటింటి వాదము

వింటే భారతమే వినవలెనని మన పెద్దలందురు. విన్నవారు మాత్రము ఊరకుండరు, వాదింతురు. ధర్మరాజు జూదమాడుట తగునా? భీష్ముడు నిండుసభలో నోరు మెదపకుండుట తగునా? కర్ణునకు జరిగినది న్యాయమేనా? ఈ ప్రశ్నలు తెలుగు లోగిళ్లలో నెన్ని తరములనుండి నలుగుచున్నవో లెక్కింప శక్యము గాదు. పప్పు రుబ్బుచు, విస్తళ్లు కుట్టుచు, రైలుపెట్టెలో నెదురెదురుగా గూర్చుండి యాడువారు తీర్పులు చెప్పిన వివాదము లివి. 2024వ సంవత్సరమున నీ పాత వివాదమే క్రొత్త వేషము ధరించి మరల మన గుమ్మము త్రొక్కినది. ఈ మాఱు దానిని దెచ్చినది హరికథకుడు గాడు, పురాణము చెప్పు శాస్త్రిగారును గాడు. మాటలాడు యంత్రములతోడను, ఎగిరెడు బండ్లతోడను నిండిన యొక విజ్ఞానకల్పిత చలనచిత్రము దెచ్చినది.

ఆ చిత్రము ‘కల్కి 2898 ఏడీ’. శ్రీ నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ మూవీస్ వారు నిర్మింపగా 2024 జూన్ 27వ తేదీన విడుదలయ్యెను. అంతకుముందే, మే 31వ తేదీన, ‘బుజ్జి అండ్ భైరవ’ యను రెండు భాగముల బొమ్మల ధారావాహిక ప్రైమ్ వీడియోలో వెలువడి, పిల్లలకు కథానాయకుని, అతని మాటలాడు బండిని పరిచయము చేసినది. ఆగస్టు 22వ తేదీనుండి చిత్రమును ఇండ్లలోని టీవీలకు, చేతిలోని ఫోనులకు వచ్చినది. వినుకొండకును దొనకొండకును నడుమ, గుంటూరు నంద్యాల రైలుమార్గముపై నున్న మా కురిచేడువంటి యూళ్లవారికి, ఇట్లింటికి వచ్చిన బొమ్మను చూచుటలో నొక సౌకర్యము కలదు. ఆపి చూడవచ్చును, వెనుకకు ద్రిప్పి చూడవచ్చును. ఒకే ఘట్టమును పదిసార్లు చూడగలిగినవాడు పది గుణములును జూపగలడు, పది దోషములును బట్టగలడు. ఈ కాలపు వాదములకు బలమంతయు నచ్చటనే యున్నది.

చూడని సోదరీమణులకై కథను క్లుప్తముగా జెప్పెదను. శ్రీకృష్ణావతారము ముగిసినదని సంప్రదాయము చెప్పు క్రీస్తుపూర్వము 3102నుండి క్రీస్తుశకము 2898వఱకు సుమారు 6000 సంవత్సరములు. అప్పటికి భూమి యెండిపోయినది. కాశీనగర మొక్కటియే మిగిలినది. దానిపై తలక్రిందులైన గోపురమువలె ‘కాంప్లెక్స్’ అను కట్టడ మాకాశమున నిలిచియున్నది. నీరును పచ్చదనమును దాని లోపలివారి సొత్తు. వెలుపలివారికి దుమ్మును దప్పికయును. దాని యధిపతి సుప్రీమ్ యాస్కిన్; ఆ పాత్రను కమల్ హాసన్ ధరించెను. గర్భము ధరింపగల స్త్రీలను చెఱబట్టి తెచ్చి, వారి కడుపులోని పిండములనుండి తీసిన రసముతో తన దేహమునకు బలము కూర్చుకొనజూచు దుర్మార్గు డతడు. ఆ చెఱనుండి తప్పించుకొన్న గర్భవతి సుమతి. ఆమెగా నటించినది దీపికా పదుకొణె. ఆమె కడుపున భగవంతు డవతరించునని శంబలవాసులు నమ్ముదురు. ఆమెకు కాపుగా నిలిచినవాడు శాపముచే చావు లేక తిరుగాడుచున్న అశ్వత్థామ; ఆ వేషము అమితాబ్ బచ్చన్‌ది. ఆమెను పట్టియిచ్చి, బహుమానము గొని, కాంప్లెక్సులో సుఖముగా బ్రతుకగోరువాడు భైరవుడు, అతడే ప్రభాస్.

చిత్రాంతమున భైరవుడు అశ్వత్థామ చేతికఱ్ఱను బట్టగానే యది కర్ణుని విజయధనుస్సుగా మాఱును. స్వార్థమే పరమార్థమనుకొన్న యీ భైరవుడు పూర్వజన్మమున కర్ణుడని అప్పుడు తెలియును. కురుక్షేత్రము కన్నులయెదుట నిలుచును. ఒకవైపు అర్జునుడుగా విజయ్ దేవరకొండ, వేఱొకవైపు కర్ణుడుగా ప్రభాస్. కర్ణుని శౌర్యమును మిన్నంటించి చూపిరి. ఈ ఘట్టమే ప్రేక్షకలోకమును రెండుగా చీల్చినది.

కర్ణపక్షమువారి మాట లివి. పుట్టగనే తల్లి యేటిపాలు చేసిన బిడ్డ. సూతుని యింట పెరిగి, కులము పేరు జెప్పి నలుగురిలో నవమానింపబడినవాడు. ఒంటితో బుట్టిన కవచకుండలములను అడిగినవానికి కోసి యిచ్చినవాడు. గురుశాపము, విప్రశాపము, కుంతికిచ్చిన మాట, ఇంద్రుని యాచన, శల్యుని సూటిపోటి మాటలు, నేలలో గ్రుంగిన చక్రము – ఇన్ని కూడివచ్చిన గాని చావనివాడు. ‘కర్ణుని చావునకు కారణము లనేక’ మని లోకమే చెప్పుచుండగా, వాని గొప్పతనము తెఱపై చూపుట తప్పెట్లగును? ‘కర్ణుడు లేని భారతము శొంఠి లేని కషాయ’ మను సామెత నిన్న మొన్నటిది గాదు గదా!

అర్జునపక్షమువారు గ్రంథము చేతబట్టి వచ్చిరి. వారి వాదమున కాధారమైన ఘట్టములలో ముఖ్యమైన దానిని తెనిగించినవాడు మా సీమకు పొరుగుననే యున్న అద్దంకిలో, ప్రోలయవేమారెడ్డి కొలువున, 14వ శతాబ్దిలో వెలసిన మహాకవి యని చెప్పుకొనుట మాకు గర్వకారణము. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱాప్రగడ పూరించెను. అందు ఘోషయాత్ర కలదు. పాండవులను ఎగతాళి చేయ వనమునకు బోయిన దుర్యోధనుడు గంధర్వులకు జిక్కెను. కర్ణుడు పోరి, రథము విఱిగి, రణము విడిచి తొలగిపోయెను. చెఱనుండి దుర్యోధనుని విడిపించిన వారెవరు? ధర్మజుని యాజ్ఞచే అర్జునుడును భీముడును. తరువాత విరాటపర్వమున ఉత్తరగోగ్రహణము. భీష్మ ద్రోణ కృప కర్ణు లందఱుండగా నర్జునుడొక్కడు వారి నోడించి గోవులను మరల్చెను. అప్పుడు శాపములేవియు నడ్డు రాలేదు, చక్రమును గ్రుంగలేదు. మఱి కర్ణు డధికు డెట్లగునని వారి ప్రశ్న.

చమత్కారమేమనగా, కర్ణుడు కవచకుండలములను ఇంద్రునకు దానమిచ్చిన కథయు నదే అరణ్యపర్వశేషమున, అదే ఎఱ్ఱన చేతిమీదుగా మనకు వచ్చినది. ఓటమినిగాని దానమునుగాని యాతడు దాచలేదు. వాదించువారే చెఱియొక పుటను చించుకొని పోయిరి.

కర్ణుని బాణమునకు అర్జునుని రథము వెనుకకు జరుగగా, జెండాపై హనుమంతుడు, నొగలపై తాను ఉన్న రథమును కదల్చినందుకు శ్రీకృష్ణుడే మెచ్చుకొనెనను కథను మనము చిన్ననాటినుండి వినియున్నాము. అది హరికథలలోను ఇంటి మాటలలోను బ్రతికిన కథ. పూనాలోని భండార్కరు సంస్థవారు దేశమందలి వ్రాతప్రతులను సరిచూచి 1966లో ముగించిన భారతప్రతియందు అది కానరాదు. అంతమాత్రమున నా కథ చెప్పిన అవ్వ అబద్ధమాడినదని యనరాదు. జనులు కర్ణునియెడ తమ జాలిని దాచుకొన్న భరిణె యది. వ్యాసుడు చెప్పినదొకటి, జనులు కోరుకొన్నదొకటి. రెండును మన యిండ్లలో నొకే పీటపై గూర్చున్నవి.

తెలుగువారికి తెఱపై కర్ణు డిప్పుడే ప్రియు డయ్యెనా? 1977 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, ఒకే కథపై రెండు చిత్రములు పోటీపడి వచ్చినవి. ఒకటి శ్రీ నందమూరి తారకరామారావుగారి ‘దానవీరశూరకర్ణ’. అందు వారు కృష్ణుడును, దుర్యోధనుడును, కర్ణుడును దామే యయి, దర్శకత్వమును వహించిరి. రెండవది కమలాకర కామేశ్వరరావుగారి ‘కురుక్షేత్రము’. అందు అర్జునుడు కృష్ణ, కర్ణుడు కృష్ణంరాజు. ఆ కృష్ణంరాజు ప్రభాసునకు పెదతండ్రి. 47 సంవత్సరముల పిమ్మట నదే కర్ణపాత్ర ఆ యింటి కుమారుని వరించినది. 1977లో ఏ కర్ణుడు మేలని తగవులాడిన యన్నదమ్ముల మనుమలు 2024లో కర్ణుడు మేలా, అర్జునుడు మేలా యని తగవులాడిరి. నటులయందలి యభిమానము పాత్రలయందలి యభిమానముతో గలసినప్పుడు ధర్మవిచారము వెనుకబడి, దూషణము ముందుకు వచ్చును. అక్షౌహిణులెన్నో తెలియని బాలుడు సహితము ఫోనులో పరులను తిట్టగలిగెను. విచారింపవలసిన సంగతి యిది.

ఇట్టి చీలికలు మనకే పరిమితములు గావు. 1893 డిసెంబరులో కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ను కథలో చంపగా ఆంగ్లపాఠకులు మండిపడిరి. ఆయన పిదప నతనిని మరల బ్రతికింపవలసివచ్చెను. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అను నంతరిక్షకథల ధారావాహికను 1968లో నిలిపివేయుదురను వదంతి పుట్టగా, బీజో ట్రింబుల్ అను గృహిణియు నామె భర్తయు పూనుకొని దేశమంతట జాబులు వ్రాయించి మూడవ యేటి ప్రదర్శనమును సాధించిరి. అభిమానమునకు తిట్టుకంటె మంచి యుపయోగము కలదని చూపిన స్త్రీ యామె.

ఆ వరుసలోనిదే ‘వాయేజర్’ అను ధారావాహిక. అందు నౌకకు నాయకురాలు స్త్రీ, పేరు జేన్‌వే. 1996 మే నెలలో వచ్చిన ‘టూవిక్స్’ అను భాగము నేటికిని అభిమానులను రెండు పక్షములు చేయుచునే యున్నది. యంత్రమున జరిగిన ప్రమాదముచే ఇద్దఱు మనుష్యులు కలసి యొక్కడైపోయిరి. ఆ క్రొత్తవానికి వేఱొక మనస్సు, వేఱొక పేరు. కొన్నాళ్లకు విడదీయు నుపాయము దొరకెను. విడదీసినచో పాత యిద్దఱు బ్రతుకుదురు. క్రొత్తవాడు లేకుండ బోవును. నన్ను చంపవద్దని వాడు మొఱపెట్టుకొనెను. వైద్యుడు ప్రాణము తీయుట తన ధర్మము గాదని చేయి వెనుకకు దీసికొనెను. నాయకురాలు తన చేతితోనే యా పని చేసి, మాటలేక వెలుపలికి నడచెను. చేసినది రక్షణమా, హత్యయా? మొండెములకు తలలు మాఱిన బేతాళకథ విన్న మనకు ఈ ప్రశ్న క్రొత్త గాదు. ఈ వాదము ముప్పదేండ్లయినను చావకుండుటకు కారణ మొక్కటియే. ఎవరు బలవంతులని గాక, ఏది ధర్మమని యందు అడుగుచున్నారు.

మన వాదము మాత్రము బలాబలముల దగ్గఱనే నిలిచిపోయినది. ఎవని బాణ మెంత దూరము నెట్టినది, ఎవని విల్లు గొప్పది యను లెక్కలే గాని, ఈ కథ నడుమ నున్న స్త్రీల నడిగినవారు తక్కువ.

చిత్రారంభమును జూడుడు. కురుక్షేత్రము ముగిసినది. అభిమన్యుని భార్య ఉత్తర గర్భిణి. ఆ పాత్రను మాళవికా నాయర్ ధరించెను. ఆమె కడుపులోని శిశువుపై అశ్వత్థామ యస్త్రము విడిచెను. ఆ పాపమునకే కృష్ణుడతనిని శపించెను. ఇక నడిమికథలో గర్భములను దోచు యాస్కిన్. చివర, సుమతి గర్భమునకు నదే అశ్వత్థామ కాపరి. ఒకనాడు గర్భమును చంపబూనిన చేయి వేఱొకనాడు గర్భమునకు అడ్డముగా నిలుచుటయే యీ కథకు వెన్నెముక. సుమతికి మొదట పేరు సహితము లేదు. ఎస్‌యూఎం-80 అను సంఖ్యయే యామె గుర్తు. ఆడుదానిని సంఖ్యగా, గర్భమును కర్మాగారముగా జూచు లోకము వచ్చునా యను భయము 2898నాటిది గాదు, నేటిదే. ఇంతటి ప్రశ్నను ముందుంచుకొని మగపిల్లలు రథము రెండడుగులు కదలెనా, మూడడుగులు కదలెనా యని పోట్లాడిరి. 2025 సెప్టెంబరులో దీపిక రెండవ భాగమున నుండబోదని నిర్మాతలు ప్రకటించిన పిమ్మటగాని సుమతి పాత్ర బరువు కొందఱకు స్ఫురింపలేదు.

మూలమును మార్చుట విషయమునను స్త్రీదృష్టితో నొక మాట చెప్పవలసియున్నది. దూరదర్శన మహాభారతమున భీష్ముడుగా నటించిన ముకేశ్ ఖన్నా, అశ్వత్థామ శిరోమణిని కృష్ణుడు తీసినట్లు చూపుట భారతమునకు విరుద్ధమని యాక్షేపించెను. వ్యాసభారత సౌప్తికపర్వమున అశ్వత్థామ మణిని తానే యొసగును; భీముడు దానిని దెచ్చి, బిడ్డలను గోల్పోయిన ద్రౌపది చేతికిచ్చును; ఆమె దానిని ధర్మరాజు శిరమున ధరింపుమనును. భాగవతమున వేఱు. అర్జునుడు అశ్వత్థామను బంధించి ద్రౌపది యెదుటికి దెచ్చును. తన యైదుగురు కొడుకులను నిద్రలో జంపినవానిని జూచి యామె, గురుపుత్రుని చంపవలదు, నేనేడ్చినట్లు వీని తల్లి కృపి యేడ్వరాదు అని విడిపించును. మన పోతన తెనిగించిన యా ఘట్టమున ఇంటింట స్త్రీలు కన్నీరు విడిచిరి. శాపమునకు వ్యాసుడు చెప్పిన యవధి 3000 సంవత్సరములు. చిత్రమున అతడు 6000 సంవత్సరములు తిరిగెను. కావున కథ మాఱుట క్రొత్త గాదు, పురాణములలోనే మాఱినది. నా బాధ వేఱు. వ్యాసభారతమున మణి యొక్క గతిని, భాగవతమున అశ్వత్థామ ప్రాణమును గూర్చి తీర్పు చెప్పినది ద్రౌపది. తెఱపైకి వచ్చుసరికి ఆ తల్లి తీర్పునకు చోటు లేకపోయినది. వాదింపదగిన మార్పు ఇదియే గదా!

కర్ణుని విషయమున నంతే. ఆతని యభిమానులు కుండలములను దలతురు. విరోధులు ఓటములను దలతురు. ద్యూతసభను ఇరువురును త్వరగా దాటిపోవుదురు. నిండుసభలో ద్రౌపదిని నీచముగా బలికినవాడు కర్ణుడు. ఆమె వస్త్రములను ఒలువుమని దుశ్శాసనుని బ్రేరేపించినవాడును, ధర్మము పలికిన వికర్ణుని చిన్నవాడవని కసరినవాడును కర్ణుడే. ఎన్ని దానములు చేసినను ఆ మాటలు చెఱగవు. కాని భారతము అచ్చటితో వానిని విడువలేదు. ఉద్యోగపర్వమున కృష్ణునితో నేకాంతమున మాటలాడుచు, దుర్యోధనుని ప్రీతికై తాను పాండవుల నాడిన పరుషవాక్యములకు నేడు పశ్చాత్తాపపడుచున్నానని కర్ణుడు స్వయముగా జెప్పుకొనెను. నా దృష్టిలో కర్ణుని జీవితమున కవచదానముతో సమానమైన ఘట్ట మిది. కవచమును కోసి యిచ్చుటకు కత్తి చాలును; గర్వమును కోసి యిచ్చుటకు వేఱు ధైర్యము గావలెను.

ఇట్లు చూచినచో చిత్రకారుని కల్పనకు నొక యర్థము దొరకుచున్నది. అశ్వత్థామయు కర్ణుడును అధర్మపక్షమున నిలిచినవారే. ఒకడు గర్భముపై నస్త్రము వేసెను. ఒకడు సభలో స్త్రీని నిందించెను. ఆ యిద్దఱును ఆఱువేలేండ్ల పిమ్మట ఒక నిరాశ్రయయైన గర్భవతి దారిలో నిలువవలసివచ్చినది. ఇది కర్ణుని బలమునకు పట్టాభిషేక మనుకొన్న నర్జునపక్షమువారి కోపము న్యాయమే. ఇది కర్ణుని ఋణము తీర్చుకొను నవకాశ మనుకొన్న యెడల కోపమునకు చోటు లేదు. సుమతి కడుపులోని శిశువు జన్మింపకయే తొలిభాగము ముగిసినది; భైరవు డింకను తన స్వార్థమును వీడలేదు. కావున కర్ణుడు ఋణము తీర్చెనని గాని, తీర్పడని గాని తీర్పు చెప్పుటకు తొలిభాగము చాలదు.

సోదరీమణులారా! పిల్లలు ఈ వాదమును మన వంటయింటివఱకు దెచ్చినప్పుడు ‘ఆ పిచ్చి సినిమాల గొడవ మాకేల’ యని త్రోసివేయకుడు. యంత్రములు, ఎగురు బండ్లు చూడబోయి వ్యాసునిదాక వచ్చిన బిడ్డను వెనుకకు బంపుట తగదు. ఘోషయాత్రను జదివి వినిపింపుడు. కుండలదానమును జదివి వినిపింపుడు. రెండును వినిన పిమ్మట మాటలాడుమనుడు. కర్ణుడు గొప్పవాడనెడు కుమారుని, సభలో ద్రౌపదిని గూర్చి యతడేమనెనో యడుగుడు. అర్జునుడు గొప్పవాడనెడు కుమారుని, ఆ సభలోనే గాండీవి తల వంచుకొని యేల కూర్చుండెనో యడుగుడు. ఇద్దఱును కొంతసేపు మాటాడకుందురు. ఆ మౌనము మంచిదే. ఆలోచన యచ్చట మొదలిడును. ఆడపిల్ల ప్రక్కన నున్నచో, సుమతి స్థానమున నీవున్న నేమి చేయుదువని యామెను గూడ నడుగుడు. ఇంతవఱకు ఆ ప్రశ్న నామె నడిగినవారు లేరు. ఆమె చెప్పు సమాధానమును, పొయ్యిమీది పాలు పొంగినను సరే, కూర్చుండి వినుడు.